థీమ్ పార్కుల యాజమాన్యాలకు: మా పాపకూ టికెట్ కొన్నాం

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో థీమ్ పార్కులు, వాటర్ పార్కులు నడుపుతున్న యజమానులకు, మేనేజర్లకు,

నమస్కారం.

నేను ఖమ్మంలో ఉంటాను. ఇద్దరు పిల్లల తల్లిని. బాబుకు ఎనిమిదేళ్లు. పాపకు మొన్న మే నెలలో రెండేళ్ల పది నెలలు నిండాయి. ఆ మే నెలలోనే నేను, మా ఆయన, అత్తమ్మ, పిల్లలు కలిసి హైదరాబాద్ శివార్లలోని ఒక పార్కుకు వెళ్లొచ్చాం. అది ఏ పార్కో ఇక్కడ రాయడం లేదు. ఇంటికొచ్చాక మా వీధిలోనూ, బాబు బడి దగ్గరా తల్లులతో మాట్లాడాను. వేర్వేరు చోట్లకు వెళ్లినవాళ్లు కూడా దాదాపు ఇవే మాటలు చెప్పారు. అందుకే ఈ ఉత్తరం మీ అందరికీ రాస్తున్నాను.

మాకు అది మామూలు ప్రయాణం కాదు. బాబు ఏడాది నుంచి అడుగుతున్నాడు. టికెట్లు, కారు డీజిల్, ఒక రాత్రి లాడ్జి అన్నీ కలిపితే మా ఆయన జీతంలో పావు వంతు అయింది. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి, సూర్యాపేటలో టీ తాగి, పదింటికల్లా మీ గేటు ముందు నిలబడ్డాం. బాబు ఆ రోజును ఇప్పటికీ కలవరిస్తాడు. వాడి విషయంలో మీకు నా కృతజ్ఞతలు, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. నా ఉత్తరం పాప గురించి.

టికెట్ కౌంటర్ పక్కన గోడ మీద జిరాఫీ బొమ్మ ఉంది. దాని మెడ మీద, మూడడుగుల దగ్గర, ఎర్ర గీత. గీత లోపు ఉంటే ఉచితం, దాటితే పిల్లల టికెట్. పాప చెప్పులు విప్పించి నిలబెట్టారు. గీత కంటే ఒక అంగుళం పైకి వచ్చింది. టికెట్ కొన్నాం. కొనేటప్పుడు నాకేమీ బాధ అనిపించలేదు, పాప కూడా ఆడుకుంటుంది కదా అనుకున్నాను. లోపలికి వెళ్లాక ప్రతి రైడు దగ్గరా ఇంకో గీత కనిపించింది. ఒకచోట మూడున్నర అడుగులు, ఒకచోట నాలుగు, పెద్దవాటి దగ్గర నాలుగున్నర. సాయంత్రం ఆరు దాకా తిరిగితే పాప ఎక్కగలిగినవి, దిగగలిగినవి నాలుగు: రంగులరాట్నం, చిన్న రైలు, గుండ్రంగా తిరిగే బుల్లి కార్లు, చీలమండ లోతు నీళ్ల మడుగు. డబ్బు కట్టే దగ్గర పెద్దపిల్ల అన్నారు, ఎక్కే దగ్గర పసిపిల్ల అన్నారు.

పిల్లల పెరుగుదలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన కొలతల పట్టికలు మన అంగన్‌వాడీల్లో కూడా ఉంటాయి. వాటి ప్రకారం రెండేళ్లు నిండిన పిల్లల సగటు ఎత్తు 86, 87 సెంటీమీటర్లు. మూడేళ్లకు 95, 96. అంటే 85 సెంటీమీటర్ల దగ్గర గీత గీస్తే మామూలుగా పెరుగుతున్న పిల్ల రెండేళ్లు నిండేసరికే దాన్ని దాటేస్తుంది. మూడడుగుల దగ్గర గీస్తే రెండున్నరేళ్లు దాటగానే. ఇంకా డైపర్ వేసుకునే పిల్లకు, మధ్యాహ్నం నిద్రపోయే పిల్లకు, సొంత పేరు కూడా తిన్నగా పలకని పిల్లకు మీరు టికెట్ తీసుకుంటున్నారు. రైల్లో బెర్తు అడగకపోతే అయిదేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. అక్కడ ఎత్తు చూడరు, వయసు చూస్తారు. పొడుగ్గా పుట్టిన పిల్ల తల్లికీ, పొట్టిగా పుట్టిన పిల్ల తల్లికీ ఒకటే లెక్క. మీరూ వయసునే చూడండి, మూడేళ్ల లోపు ఉచితం చేయండి. ఆధార్ కార్డో, పుట్టిన తేదీ సర్టిఫికెట్టో ఫోన్లో చూపించమంటే చూపిస్తాం. ఎత్తునే లెక్క పెట్టుకుంటామంటే, ఆ పిల్ల ఎక్కగలిగినవి ఎన్ని ఉన్నాయో అన్నిటికి తగ్గ ధరే తీసుకోండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. రైడ్ల దగ్గరి ఎత్తు గీతలను తగ్గించమని నేను అడగడం లేదు. ఒక్క సెంటీమీటరు కూడా తగ్గించొద్దు. పసిపిల్లల తల వాళ్ల ఒంటితో పోలిస్తే పెద్దది, మెడ కండరాలు ఇంకా లేతవి, ఒక్కసారిగా కుదిపితే తట్టుకోలేవు. ఒళ్ళో పడే ఆ ఇనుప కడ్డీ పెద్దవాళ్ల తొడల మీద ఆగుతుంది, పక్కన చిన్నపిల్ల ఉంటే ఆ పిల్లకూ కడ్డీకీ మధ్య ఖాళీ మిగిలిపోతుంది. మా బాబు వెనక నిలబడ్డ ఒకాయన తన కొడుకు కోసం రైడు నడిపే కుర్రాడితో పోట్లాడాడు, 'రెండు అంగుళాలకు ఏమవుతుందయ్యా' అని. ఆ కుర్రాడు ఎంత తిట్టినా కదల్లేదు. వాడి పేరు తెలిసుంటే వాడి మేనేజరుకు విడిగా ఉత్తరం రాసేదాన్ని. నేను అడిగేది ఆ గీతను వరుస మొదట్లో పెట్టమని.

అత్తమ్మకు అరవై నాలుగేళ్లు, ఇంగ్లీషు చదవడం రాదు. పడవలాంటి ఒక రైడు చూసి పాపకు బాగుంటుందని, మేం బాబుతో ఉన్నప్పుడు తనే పాపను చంకనేసుకుని వరుసలో నిలబడింది. వరుస మొదట్లో బోర్డు ఉంది, కానీ పూర్తిగా ఇంగ్లీషులో. నలభై నిమిషాలు, అంత బరువు మోసుకుని, ఒక్కో అడుగు జరుగుతూ ముందుకు వెళ్లింది. తీరా గేటు దగ్గర కొలబద్ద పెట్టి చూసి వెనక్కి పంపారు. పాపకు ఆ పడవ చేతికందేంత దూరంలో ఉంది. అప్పుడు ఏడ్చిన ఏడుపు మేం అవతలి నుంచి విన్నాం. అత్తమ్మ మాత్రం ఏమీ అనలేదు, మోచేయి నొక్కుకుంటూ బెంచీ మీద కూర్చుంది. బోర్డు మీద 'మూడున్నర అడుగుల లోపు పిల్లలను ఎక్కించరు' అని ఒక్క తెలుగు వాక్యం ఉంటే ఇది జరిగేది కాదు. ఇంకా మంచి పని ఉంది. టికెట్ కౌంటర్లో ఎలాగూ కొలుస్తున్నారు కదా, అప్పుడే చేతికి ఎత్తును బట్టి రంగు పట్టీ కట్టండి. ఏ రంగుకు ఏ రైడో ఒక కాగితం మీద తెలుగులో అచ్చేసి ఇవ్వండి. ఆ పట్టీ మీదే తల్లి ఫోన్ నంబరు రాయించండి. జనంలో తప్పిపోతే మా పాప చెప్పగలిగింది 'అమ్మ' అన్న ఒక్క మాటే.

ఇక అన్నం సంగతి. ఇది రాసేటప్పుడు నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ఆ రోజు రాత్రి రెండింటికే లేచాను. బియ్యం మెత్తగా ఉడికించి, చల్లార్చి, పాలు ఎక్కువ పోసి, చెంచాడు పెరుగు మాత్రం వేసి కలిపాను. ప్రయాణాల్లో మా అమ్మ అలాగే కలిపేది, మధ్యాహ్నానికి పులవకుండా కమ్మగా తోడుకుంటుందని. పోపు వేయలేదు. నోటికి ఆవగింజ తగిలినా పాప ముద్ద ఉమ్మేస్తుంది. చిన్న స్టీలు డబ్బా, నాలుగు ముద్దలు పట్టేంత. గేటు దగ్గర సంచులు చూసే అతను మూత తీసి చూశాడు. మళ్లీ మూత పెట్టి, డబ్బా నా చేతికిచ్చి, తల దించుకుని అన్నాడు: "సీసాలో పాలు, పాలపొడి అయితే పంపుతానక్కా. అన్నం పంపితే నన్నంటారు. నా బిడ్డ కూడా ఇంతే ఉంటది." ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆయన చేతిలో ఏముంది? మా ఆయన డబ్బా పట్టుకుని పార్కింగ్ దాకా నడిచి కారులో పెట్టొచ్చాడు.

ఒంటిగంటకు పాప ఆకలని మారాం మొదలుపెట్టింది. లోపల ఫుడ్ కోర్టులో బిర్యానీ ఉంది, నూడుల్స్ ఉన్నాయి, ఫ్రైడ్ రైస్, బర్గర్లు ఉన్నాయి. ఇడ్లీలు పదకొండింటికే అయిపోయాయట. పెరుగన్నం దొరికింది గానీ నిండా అల్లం, పచ్చిమిర్చి. ఒక ముద్ద పెట్టగానే కళ్లలో నీళ్లు తెచ్చుకుని నోరు తెరిచేసింది. మా ఆయన మళ్లీ పార్కింగ్‌కు పరుగెత్తి డబ్బా తెచ్చాడు, గేటు బయటే నిలబడి నన్ను పిలిచాడు. మూత తీస్తే వాసన వచ్చింది. మే నెల ఎండలో, తలుపులు మూసిన కారులో, మూడు గంటలు. అన్నం పాడైపోయింది. గేటు పక్కన వేపచెట్టు మొదట్లో పారబోశాను. ఆ రోజు పాప మధ్యాహ్నం తిన్నది చిప్స్, ఒక ఐస్‌క్రీము.

బయటి తిండి ఎందుకు వద్దంటారో నాకు అర్థం కాకపోలేదు. ఫుడ్ కోర్టు మీకు ఆదాయం. జనం విస్తళ్లు, ప్లాస్టిక్ కవర్లు పారేసి వెళ్తే ఊడ్చేది మీ మనుషులు. బిర్యానీ డేక్షాలు తెచ్చుకునేవాళ్లను ఆపండి, కాదనను. అయిదేళ్ల లోపు పిల్లకు ఒక్క డబ్బా అన్నం మాత్రం రానివ్వండి. ఆ డబ్బా వల్ల మీకు పోయే బేరం లేదు, ఎందుకంటే ఆ పిల్ల మీ బిర్యానీ కొనదు. లేదంటే మీ వంటగదిలోనే రోజంతా రెండు వంటలు ఉంచండి: మెత్తటి పప్పన్నం నెయ్యేసి, పోపు లేని పెరుగన్నం. చిన్న గిన్నెడు, చిన్న ధర. పక్కన మరిగించిన నీళ్ల ఫ్లాస్కు. ఏ తల్లయినా రూపాయి లెక్క చూడకుండా కొంటుంది.

ఆకలి తర్వాత నిద్ర. ఏడాది నుంచి రెండేళ్ల వయసు పిల్లలకు పగటి నిద్రతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మూడు, నాలుగేళ్ల వాళ్లకు 10 నుంచి 13. మన ఇళ్లలో ఇది ఎవరూ చెప్పకుండానే తెలుసు. మధ్యాహ్నం అన్నం తిన్న పిల్లను ఎత్తుకుని రెండు చుట్లు తిరిగితే భుజం మీద వాలిపోతుంది. ఆ పూట మీ పార్కులో వాళ్లను ఎక్కడ పడుకోబెట్టాలి? మీ మ్యాపు మొత్తం వెతికాను. ఫొటోలు దిగే చోట్లు తొమ్మిది రాసి ఉన్నాయి. పిల్లను పడుకోబెట్టే చోటు ఒక్కటీ లేదు.

లాకర్ల వెనక ఎవరూ తిరగని చోట ఒక పెద్ద వేపచెట్టుంది. అత్తమ్మ దాన్ని పొద్దున్నే చూసి పెట్టుకుంది. పరుచుకోడానికని తెచ్చుకున్న పాత నేత చీర సంచిలోంచి తీసి, వంగిన కొమ్మకు వేసి రెండు ముళ్లు వేసింది. ముడి మీద తన బరువంతా వేసి ఒకసారి గట్టిగా లాగి చూసింది. లోపల తువ్వాలు మడిచి పరిచింది. పాపను అందులో వేయగానే చీర రెండు పక్కలా మూసుకుని ఎండ తగలకుండా అయింది. కాలితో మెల్లగా తోస్తూ ఆవిడ లాలి ఎత్తుకుంది. రైడ్ల హోరు, అరుపులు, మైకులో సినిమా పాటలు, అన్నీ ఉన్నాయి. అయినా అయిదు నిమిషాల్లో పాప నిద్రపోయింది. చీర అంచులోంచి దాని మడమ ఒకటి బయటకు వచ్చి ఊగుతోంది. అప్పుడు నాకు ఆ రోజంతటిలో మొదటిసారి కూర్చోవాలనిపించింది, కూర్చున్నాను.

ఇంకో తల్లి దూరం నుంచి చూసి వచ్చింది. వాళ్లది మిర్యాలగూడ. భుజం మీద ఏడాదిన్నర బాబు, చెమటకు జుట్టంతా అంటుకుపోయి ఉన్నాడు. "అమ్మా, మీ పాప లేచాక మావాణ్ని కాసేపు వేసుకోనా?" అని అడిగింది. అత్తమ్మ సరేనంది.

పావుగంట గడిచిందో లేదో సెక్యూరిటీ మనిషి వచ్చాడు. చెట్టుకు ఏమీ కట్టకూడదన్నాడు, మర్యాదగానే. "పిల్ల నిద్దట్లో ఉంది బిడ్డా, ఒక్క అర్ధగంట ఓర్చుకో" అంది అత్తమ్మ. అతను వెళ్లిపోయాడు. తర్వాత సూపర్‌వైజరును వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన నిలబడి ముడి విప్పించాడు. నిద్ర మధ్యలో లేచిన పాప గంట సేపు ఏడ్చింది. ఆ ఏడుపుతో బాబుకూ ఆట మీద మనసు పోయింది. మిర్యాలగూడ ఆమె తన పిల్లవాణ్ని నెత్తి మీద చున్నీ కప్పి ఎత్తుకుని, ఫుడ్ కోర్టు కుర్చీలో కూర్చుని ఊపుతూ ఉండటం వెళ్లేటప్పుడు చూశాను.

కొమ్మ విరిగి పిల్లకు దెబ్బ తగిలితే బాధ్యత మీదవుతుందని నాకు తెలుసు. ఆ సూపర్‌వైజరు మాట తప్పని కూడా అనను. అందుకే ఆ ఉయ్యాల మీరే వేయించండి అంటున్నాను. ఒక గది, నాలుగు ఫ్యాన్లు, కిటికీలకు మందపాటి తెరలు, నేల మీద శుభ్రమైన పరుపులు, ఒక పది ఇనుప ఉయ్యాల స్టాండ్లు, చూసుకోడానికి ఒక ఆయా. రైడ్లకు దూరంగా, మైకు వినిపించని మూల. మీరు ఒక కొత్త రైడు కొనడానికి పెట్టే ఖర్చుతో పోలిస్తే దీని ఖర్చు లెక్కలోకి రాదు. పిల్ల గంటన్నర నిద్రపోయి లేస్తే ఆ కుటుంబం సాయంత్రం దాకా ఉంటుంది, టీ తాగుతుంది, ఏదో ఒకటి తింటుంది. నిద్ర చెడిన పిల్లతో మేం నాలుగింటికే వెళ్లిపోవాలా అని మూడుసార్లు అనుకున్నాం. బాబు మొహం చూసి ఆగాం.

ఆ గదికి ఆనుకునే పాలిచ్చే గది కూడా ఉండాలి. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ విషయం మీద తీర్పు ఇచ్చింది. బహిరంగ స్థలాల్లో తల్లులు పాలివ్వడానికి, పసిపిల్లలను చూసుకోడానికి గదులు ఏర్పాటు చేయాలని కేంద్రం 2024లో రాష్ట్రాలకు రాసిన సూచనలను అమలు చేయాలని చెప్పింది. ఆ మాట ప్రభుత్వ భవనాల గురించే కావచ్చు. రోజూ అన్ని వేల మంది వచ్చిపోయే మీ చోటుకు కూడా అది వర్తించాలని నా మనవి. బట్టలు మార్చుకునే గదిలో, తడి బెంచీ మీద, గోడకు తిరిగి కూర్చుని ఒక చిన్న వయసు తల్లి పాలివ్వడం చూశాను. పక్కన ఆమె అమ్మ తువ్వాలు అడ్డం పట్టుకుని నిలబడింది.

మీకు తెలిసిన కథే, అయినా రాస్తాను. అమెరికాలో డిస్నీలాండ్ 1955 జూలై 17న తెరిచారు. అది ఎలా మొదలైందో వాల్ట్ డిస్నీయే చెప్పుకున్నాడు. లాస్ ఏంజెలిస్‌లోని గ్రిఫిత్ పార్కుకు తన ఇద్దరు కూతుళ్లను తీసుకెళ్లేవాడట. వాళ్లు రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే తను బెంచీ మీద ఒక్కడే కూర్చునేవాడు. తల్లిదండ్రులు, పిల్లలు కలిసి ఆడుకునే చోటు ఒకటి ఉండాలని అక్కడ అనిపించిందట. రంగులరాట్నం పక్కన ఖాళీగా కూర్చున్న ఒక తండ్రి నుంచి పుట్టిందన్నమాట మీ వ్యాపారమంతా. మా ఆయన ఆ రోజు సరిగ్గా అలాంటి బెంచీ మీదే సగం రోజు కూర్చున్నాడు. మిగతా సగం నేను కూర్చున్నాను.

మా ఆడపడుచు వాళ్లు ఫ్లోరిడాలో ఉంటారు. రెండేళ్ల పిల్లతో అక్కడి డిస్నీ వరల్డ్‌కు వెళ్లొచ్చి ఫోన్లో చెప్పింది. మూడేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. ఇంటి నుంచి తిండి తీసుకెళ్లొచ్చు, గాజు సీసాలు, మద్యం తప్ప. ప్రతి పార్కులోనూ పసిపిల్లల కోసం ఒక కేంద్రం ఉంటుంది, పాలిచ్చే గది, డైపర్ మార్చే బల్లలు, ఎత్తు కుర్చీలు, అన్నం వేడి చేసుకునే మైక్రోవేవ్‌తో సహా. అన్నిటికంటే నాకు నచ్చింది వంతులు మార్చుకునే పద్ధతి. పెద్ద రైడు దగ్గర ఒకరు పిల్లతో బయట ఆగుతారు, ఒకరు ఎక్కుతారు. ఆయన దిగాక ఆగినవాళ్లు మళ్లీ మొదటి నుంచి వరుసలో నిలబడక్కర్లేదు, నేరుగా వెళ్లి ఎక్కొచ్చు.

మా సంగతి చెప్తాను. బాబు, వాళ్ల నాన్న పెద్ద రోలర్ కోస్టరు కోసం యాభై నిమిషాలు నిలబడి ఎక్కారు. దిగి వచ్చి బాబు నా చెయ్యి పట్టుకుని "అమ్మా, నువ్వూ రా, నీతో కూడా ఎక్కుతా" అన్నాడు. వరుస చూస్తే మళ్లీ యాభై నిమిషాలు. అటు పాప ఏడుస్తోంది, అత్తమ్మ అలిసిపోయింది. వద్దులే నాన్నా అన్నాను. నేను చిన్నప్పుడు మా ఊరి జాతరలో జెయింట్ వీల్ పైకి వెళ్లినప్పుడల్లా గట్టిగా అరిచేదాన్ని, మా నాన్న నవ్వేవాడు. నా కొడుకుతో అలా ఒక్కసారి అరవాలని నాకూ ఉంది. ఆ రోజు పెద్దవాళ్ల టికెట్ కొని నేను ఎక్కినవి పాపతో ఎక్కిన ఆ మూడే. ఈ పద్ధతికి కొత్త యంత్రం అక్కర్లేదు, కొత్త గోడ అక్కర్లేదు. రైడు దగ్గరి కుర్రాడి చేతిలో ముద్ర వేసిన చీటీల కట్ట ఒకటి ఉంటే చాలు. రేపటి నుంచే మొదలుపెట్టొచ్చు.

పరాయి దేశం పద్ధతులు మనకెందుకంటారేమో, మన తిరుమలే చూడండి. ఏడాది లోపు చంటిబిడ్డ ఉన్న తల్లిదండ్రులను సుపథం అనే ప్రత్యేక దారి గుండా దర్శనానికి పంపుతారు. క్యూ కాంప్లెక్సులో కూర్చున్న పిల్లలకు పాలు తెచ్చి ఇస్తారు. అంత జనంలో, అంత పెద్ద ఏర్పాట్ల మధ్య, చంటిబిడ్డ ఎక్కువసేపు ఆగలేడని అక్కడ ఎవరో ఆలోచించారు. బాబు పుట్టిన ఎనిమిదో నెలలో మేం ఆ దారిన వెళ్లాం. గంటలోపే బయటికొచ్చాం. ఆ మేలు నాకిప్పటికీ గుర్తుంది.

చిన్నచిన్నవి ఇంకొన్ని ఉన్నాయి. డైపర్ మార్చే బల్ల ఆడవాళ్ల వైపు ఒక్కచోటే ఉంది. మగవాళ్ల వైపు లేకపోవడంతో మా ఆయన పాపను తీసుకెళ్లినప్పుడు లాకరు బెంచీ మీద మార్చాల్సి వచ్చింది. నీళ్లలోకి నూలు బట్టలతో దిగకూడదన్నారు, నూలు పోగులు ఫిల్టర్లలో పడతాయని. మంచిదే. కానీ మీ దుకాణంలో అయిదేళ్ల పిల్లల సైజు కంటే చిన్నవి లేవు. ఆ పొడుగు బనీను పాప కాళ్లకు చుట్టుకుని రెండుసార్లు పడింది. రెండేళ్ల సైజువి ఒక అల్మారా నిండా తెప్పించండి. నీళ్ల మడుగు నుంచి లాకర్ల దాకా నడిచే దారి సిమెంటు రాళ్లది. మధ్యాహ్నం మా కాళ్లే కాలాయి. పాప రెండడుగులు వేసి, కాళ్లు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని నిలబడిపోయింది. పైన ఒక గ్రీన్‌నెట్, కింద తడిపిన కొబ్బరి పీచు పట్టా ఉంటే సరిపోతుంది.

ఆ నీళ్ల మడుగు దగ్గర ఒక లైఫ్‌గార్డు అమ్మాయి ఉంది. ఇరవై ఏళ్లుంటాయేమో. చీలమండ లోతే కదా అని మిగతావాళ్లంతా ఫోన్లు చూసుకుంటున్నారు. ఆ అమ్మాయి మాత్రం రెండు గంటలు కూర్చోకుండా, కళ్లు తిప్పకుండా నిలబడింది. నీటిలో మునిగిపోయే ప్రమాదం అందరికంటే ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లలకే ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలు చెబుతున్నాయి. చప్పుడు లేకుండా, జానెడు నీళ్లలో కూడా జరుగుతుంది. మా పాప బోర్లా పడగానే నేను లేచేలోపే ఆ అమ్మాయి రెండు చేతులతో ఎత్తి నిలబెట్టింది. పాప నవ్వింది. ఆ అమ్మాయికి గొడుగు లేదు, కుర్చీ లేదు, తాగే నీళ్లు దూరంగా ఉన్నాయి. ఆమెకు ఒక గొడుగు, రెండు గంటలకొకసారి మార్పు ఇవ్వండి. నేను పాప కోసం అడిగినవాటిలో ఇదీ ఒకటిగా రాసుకోండి.

మీ సంఘాలు కలిసినప్పుడు కొత్త రైడ్ల గురించి, టికెట్ల మీద పన్ను గురించి మాట్లాడుకుంటారు. వచ్చేసారి కూర్చున్నప్పుడు మూడేళ్ల లోపు పిల్లల సంగతి కూడా ఎజెండాలో రాయండి. నలుగురు తల్లులను, ఇద్దరు నాయనమ్మలను పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. మా అత్తమ్మ వస్తానంటోంది. ఉయ్యాల ఏ ఎత్తులో కట్టాలో, పిల్ల బరువుకు ముడి ఎలా వేయాలో చూపిస్తుందట.

దసరా సెలవులకు బాబు మళ్లీ వెళ్దామంటున్నాడు. పాపకు అప్పటికి మూడేళ్లు దాటతాయి, టికెట్ కొంటాం. రాబోయే ముందు ఫోన్ చేసి మూడు విషయాలు అడుగుతాను: పిల్లకు అన్నం డబ్బా రానిస్తారా, పడుకోబెట్టడానికి చోటుందా, వంతులు మార్చుకునే చీటీ ఇస్తారా అని. ఉన్నాయని ఏ పార్కు చెబితే అక్కడికే వస్తాం. మా వీధిలో ఇంకో మూడు కుటుంబాలు నాతో పాటు ఆ ఫోన్ కోసం ఎదురుచూస్తున్నాయి.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి,
ఖమ్మం.